మడతల వదిన పడవెక్కిన రోజు

మా రేవులో ఈ సంగతిని నవ్వుకోవడానికి చెప్పుకుంటారు. టీ తాగుతూ ఒకడు మొదలుపెడతాడు, ఇంకొకడు దానికి తోక తగిలిస్తాడు. వాళ్ళెవరూ ఆ రోజు పడవలో లేరు. నేనున్నాను. నన్నడిగితే చెప్పేదాన్నే, ఎవరూ అడగలేదు. అందుకని రాస్తున్నాను. నా చదువు నాలుగో తరగతి దగ్గర ఆగిపోయింది గాని, కళ్ళు అక్కడ ఆగలేదు.

ఆవిడని అందరూ మడతల వదిన అనేవాళ్ళు. రేవు వెనక హోటళ్ళకీ పడవలకీ బట్టలుతికే లాండ్రీ ఒకటుంది. నాలుగు మిషన్లు, ఒక పొడుగాటి ఇస్త్రీ బల్ల, ఎప్పుడూ తడిగా ఉండే సిమెంటు నేల. అందులో ఇరవై ఆరేళ్ళు పని చేసింది. ఉతకడం మిషను చేస్తుంది, మడత మనిషే పెట్టాలి. తువ్వాలుని ముందు సగానికి, మళ్ళీ సగానికి, ఆ తర్వాత మూడు పొరలుగా, అంచు ఎక్కడా బయటికి కనపడకుండా మడిచేది. దొంతరలో ఏ తువ్వాలు ఎక్కడ మొదలైందో కనుక్కోలేం. నిద్రలో కూడా ఆవిడ చేతులు దుప్పటి అంచు సర్దుతూ ఉండేవని వాళ్ళాయన నవ్వేవాడట. ఆయన బస్సుల షెడ్డులో మెకానిక్కు. నడుం పడిపోయి పదకొండేళ్ళు మంచంలో ఉండి పోయాడు. పిల్లలు లేరు. లాండ్రీ వెనక ఒక గది, ఒక మంచం, ఒక దండెం, అంతే ఆవిడ సంసారం.

ఆ గది కిటికీ తీస్తే సముద్రం. అయినా ఆవిడ సముద్రంలో చీలమండలు దాటి దిగలేదు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళాయన ఈత నేర్పిస్తానన్నాడు. తర్వాత ఆయన లేవలేదు. ఆ తర్వాత ఆవిడకి తీరిక లేదు. జనం సముద్రంలో ఉన్నంతసేపూ ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర ఉండేది. వాళ్ళు బయటికొచ్చాక తువ్వాళ్ళు వచ్చేవి.

నేను పనిచేసేది షికారు పడవలో, వంట. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి, మూడు చోట్ల ఆపి జనాన్ని ఈతకి దింపి, సాయంత్రం అయిదింటికి తీసుకొస్తాం. రోజుకు డెబ్బై రెండు తువ్వాళ్ళు ఎక్కుతాయి, మనిషికి మూడు, ఇరవై నలుగురికి. సాయంత్రం అవి గంపల్లో మడతల వదిన ముందుకొచ్చేవి. ఆవిడ ఒక్కొక్కటీ దులిపి, రాలిన ఇసుక చూసి చెప్పేసేది. నన్ను కూడా వదినా అనే పిలిచేది.

"ఇవాళ ముందు నల్ల ఇసుక దగ్గర ఆపారు కదా వదినా? రెండోది గవ్వల రేణువులున్న చోటు. మూడోదానికి వెళ్ళనే లేదు. గాలి ఎక్కువైందా?"

చూడని చోట్లన్నీ ఆవిడకి గుప్పిట్లో తెలుసు. చెయ్యి కడుక్కుంటే పోయే తెలివిడి అది.

పని మానేసే రోజు లాండ్రీ యజమానురాలు ఆవిడకి ఒక టికెట్టు ఇచ్చింది. మా పడవలోనే, ఒక రోజంతా, ఇద్దరికి. ఆ కాగితాన్ని కూడా వదిన మూడు మడతలు పెట్టి తెచ్చింది.

"వదినా, నువ్వూ రా. ఒక్కరోజు పొయ్యి వదిలేసి నా పక్కన కూర్చో."

"రోజూ ఎక్కే పడవలో నేను టికెట్టుతో కూర్చోవడమేమిటి? నా వంటింట్లో ఇంకెవత్తో గరిటె తిప్పి నాకు వడ్డిస్తుందా? అది నేను తినాలా?"

"తినకు. కూర్చో చాలు."

"ఇంకెవరినైనా పిలుచుకో."

ఆవిడకి ఇంకెవరూ లేరని నాకు తెలుసు, తెలిసే అన్నాను. నా నోరు అలాంటిది, దాన్ని కూడా రాయాలి కదా.

ఆవిడ టికెట్టుని మళ్ళీ మడిచి చిన్న గొంతుతో చెప్పింది. "నాకు తిండీ అక్కర్లేదు, షికారూ అక్కర్లేదు. ఒక్కసారి మెడ దాకా దిగాలని ఉంది. చెయ్యి పట్టుకునే మనిషి ఉంటే దిగుతాను."

"దానికేముంది. రెండో చోట నడుం లోతే. పొయ్యి ఆపి వచ్చి నేనే పట్టుకుంటాను, సరేనా?"

"మాట తప్పవు కదా?"

"నేనెప్పుడు తప్పాను?" అన్నాను. అప్పటిదాకా తప్పలేదు కూడా.

ఆ రోజు ఇరవై ముగ్గురు ఎక్కారు. మడతల వదిన అందరికంటే ముందొచ్చింది. పొడుగు చేతుల పాత నూలు గౌను, కళ్ళజోడు, ఒక గుడ్డ సంచి. కిటికీ పక్కన కూర్చుని పక్క సీట్లో సంచి పెట్టుకుంది. ఆ సీటు నాది. పొడుగాడు, అంటే తాళ్ళూ లంగరూ చూసే అతను, వచ్చి "పెద్దమ్మా, ఇక్కడెవరైనా వస్తారా?" అంటే "సంచి వచ్చింది బాబూ" అంది.

ఇక్కడ తువ్వాళ్ళ లెక్క చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా సరంగు, అంటే పడవ నడిపే అతను, జనాన్ని తలలు లెక్కపెట్టడు. ఒకడు కప్పు మీదికెక్కుతాడు, ఒకడు కింద బాత్రూములో తలుపేసుకుంటాడు, లెక్క ఎప్పుడూ కుదరదు. అందుకని తువ్వాళ్ళతో లెక్క. నీళ్ళలోకి దిగే ముందు ఎవరి తువ్వాలు వాళ్ళు పక్కనున్న ఇనప కమ్మీ మీద వేసి దిగాలి. ఎక్కగానే తీసి తుడుచుకుని గంపలో పడెయ్యాలి. కమ్మీ మీద తువ్వాలుంటే నీళ్ళలో మనిషున్నట్టు. కమ్మీ ఖాళీ అయితే లంగరు తీస్తాడు. పదహారేళ్ళుగా అలాగే, ఒక్కనాడూ తప్పు రాలేదు.

మొదటి చోట వదిన దిగలేదు. నిచ్చెన పైమెట్టు మీద కూర్చుని కాళ్ళు తడుపుకుంది. వచ్చి వంటింటి తలుపు దగ్గర నిలబడి చెయ్యి చూపించింది. అరచేతిలో చిటికెడు నల్ల ఇసుక.

"ఇదే వదినా. మూడో మిషను జల్లెడలో పేరుకుపోయేది ఇదే. వేళ్ళతో గోకి తీసేదాన్ని. ఇక్కడ చూస్తే ఎంత మెత్తగా పడుకునుందో."

"ఇరవై ఆరేళ్ళు తిట్టుకున్నావుగా దాన్ని, క్షమాపణ చెప్పుకున్నావా?" అన్నాను. నవ్వింది. ఆ రోజు ఆవిడ బాగా నవ్వింది అదొక్కసారే.

రెండో చోటు గుండ్రటి రాళ్ళ మధ్య. గవ్వ పొడి కలిసిన తెల్ల ఇసుక, అడుగు కనపడే నీళ్ళు. నడుం లోతే గనక లైఫ్ జాకెట్టు కూడా ఎవరూ వేసుకోరు. అక్కడి నుంచి కదలగానే భోజనాలు పెట్టాలి. నాకు రెండు పొయ్యిలు, ఒక పెద్ద మూకుడు, తిరగడానికి చోటు లేని వంటిల్లు. ఆ రోజు చేప ముక్కల ఐసు ఆలస్యంగా కరిగింది. నూనె ఎగురుతోంది, అన్నం దించాలి, చెమట కళ్ళలోకి కారుతోంది.

అప్పుడొచ్చింది. కళ్ళజోడు తీసేసి, జుట్టు బిగించి కట్టుకుని, పెళ్ళిచూపులకి కూర్చునే పిల్లలా నిలబడింది.

"వదినా, వస్తావా?"

"చూస్తున్నావుగా. చేతులు ఖాళీ లేవు."

"కాసేపు ఆగనా?"

"ఇన్నేళ్ళు ఆగినదానివి, ఇంకో గంట ఆగితే సముద్రం ఎండిపోదులే. మూడో చోట చూద్దాం."

"మూడో చోట లోతంటారు కదా."

నేను మూకుడు వైపు తిరిగాను. మళ్ళీ తలుపు వైపు చూసేసరికి ఆవిడ లేదు.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు. ఆవిడ చెప్పినదాన్నీ, పొడుగాడు చెప్పినదాన్నీ కలిపి రాస్తున్నాను. వదిన తన తువ్వాలుని పద్ధతి ప్రకారం కమ్మీ మీద వేసింది. కాని తడి బట్టలతో నలుగురి ముందూ నిలబడటానికి సిగ్గేసింది. అందరూ ఎక్కేశాక దిగుదామని ఆగింది. జనం ఎక్కుతున్నారు, తుడుచుకుంటున్నారు, తువ్వాళ్ళు గంప వైపు విసురుతున్నారు. సగం గంపలో, సగం బయట, ఒకటి ఎవరి చెప్పు కిందో. మడతల వదిన కళ్ళ ముందు ఉండలు చుట్టిన తువ్వాలుంటే ఆవిడ ప్రాణం నిలుస్తుందా? పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, షికారుకొచ్చి కూడా పనిని వెంట తెచ్చుకుంది. వంగి ఒక్కొక్కటే తీసింది. సగానికి, మళ్ళీ సగానికి, మూడు పొరలుగా. చేతులు నడుస్తుంటే బుద్ధి వాటి వెనకపడి పోయింది. కింద పడ్డవి అయిపోయాయి. కమ్మీ మీద ఒకటి మిగిలి కనపడింది. దాన్నీ తీసింది, మడిచింది, దొంతర మీద పెట్టింది. అది తనదే.

అప్పుడు చేతులు ఖాళీ అయ్యాయి. నిచ్చెన దగ్గర ఎవరూ లేరు. మెల్లిగా దిగింది.

నీళ్ళు నడుం దాకా వచ్చాయి. పడవలో వాళ్ళకి కనపడకుండా పెద్ద రాయి వెనక్కి నడిచింది. అక్కడ నేల కొంచెం వాలుగా దిగుతుంది. ఒక చేత్తో రాయిని పట్టుకుని ఒక్కో అడుగే వేసింది. ఛాతీ దాకా, భుజాల దాకా, మెడ దాకా.

ఇంజను చప్పుడు వినపడిందట. ఇంకో పడవేమో అనుకుందట.

సరంగు కమ్మీ చూశాడు, ఖాళీ. పొడుగాడు లంగరు లాగాడు. పడవ కదిలింది. నేను గంట కొట్టాను, జనం కంచాల కోసం వరసకట్టారు. ఇరవై మూడు కంచాలు సర్దాను. అందరూ తీసుకున్నాక ఒకటి మిగిలింది.

అది ఎవరిదో నాకు వెంటనే తెలిసింది. అలిగిందనుకున్నాను. అలిగితే అలగనీ, ఆకలేస్తే అదే వస్తుంది, నేను మాత్రం బతిమాలను అనుకుని మూకుడు తోమడం మొదలుపెట్టాను. ఒళ్ళంతా అహంకారమే నాది. ఆ కంచం నా మోచేతి పక్కనే చల్లారింది. పావుగంట పైనే గడిచాక, ఇక నా పంతం నాకే చేదై, కంచం పట్టుకుని ఆవిడ సీటు దగ్గరికెళ్ళాను.

ఒక సీట్లో సంచి ఉంది. రెండో సీట్లో కళ్ళజోడు ఉంది.

కళ్ళజోడు లేకుండా ఆవిడ గుమ్మం దాటదు. కింద బాత్రూము తలుపు కొట్టాను, లోపల ఇంకెవరో దగ్గారు. కప్పు మీద చూశాను. పడవ వెనక చూశాను. అక్కడ గంప ఉంది. గంపలో తువ్వాళ్ళు దొంతరగా, ఒక్క అంచు కూడా బయటికి కనపడకుండా ఉన్నాయి. కంచం అక్కడే వదిలేసి సరంగు దగ్గరికి పరిగెత్తాను.

"పడవ తిప్పు," అన్నాను సరంగుతో.

"ఏమైందక్కా?"

"మడతల వదిన లేదు. రాళ్ళ దగ్గరే ఉండిపోయింది."

"ఉండిపోవడమేమిటి? కమ్మీ ఖాళీగా ఉంది, నేను చూశాను."

"ఆవిడ తువ్వాలు ఆవిడే మడతపెట్టి గంపలో పెట్టి దిగింది. ఎవరూ అలా చెయ్యరు, ఆవిడ చేస్తుంది. తిప్పు."

సరంగు నీళ్ళ వైపు చూశాడు. మధ్యాహ్నం పోటు మొదలయ్యే వేళ. ఆ రాళ్ళ మధ్య నడుం లోతు గంటకి భుజాల లోతవుతుంది. చక్రం గిరగిరా తిప్పాడు. కంచాలు జారాయి. ఒకాయన, పొద్దుట్నుంచీ చేతి గడియారం చూసుకోవడమే పనిగా ఉన్నాయన, లేచి వచ్చాడు.

"ఏమిటండీ ఇది? వెనక్కెళ్తే మూడో చోటు ఎప్పుడు చూపిస్తారు? మూడు చోట్లని చెప్పి తీసుకొచ్చారు."

"చూపిస్తాం బాబూ. తొందరైతే మిమ్మల్ని ఇక్కడే దింపేస్తాం, వచ్చేటప్పుడు ఎక్కించుకుంటాం. మీ తువ్వాలు కమ్మీ మీద వేసి దిగండి," అన్నాను నేను.

ఆయన కూర్చున్నాడు. ఒకావిడ పక్కనున్నావిడని మెల్లిగా అడిగింది. "ఎవరు? ఎవరు లేరు?" పక్కావిడ చెప్పింది. "ఏమో, ఆ కిటికీ దగ్గర ఒకావిడ ఉండాలి." పొద్దుట్నుంచీ నాలుగు గంటలు ఒకే పడవలో కూర్చున్నారు. ఉండాలి అంటున్నారు.

నేను ముందుకెళ్ళి తాడు పట్టుకుని నిలబడ్డాను. రాళ్ళు చిన్నగా కనపడ్డాయి, తర్వాత పెద్దగా. వాటిలో ఒకటి బూడిద రంగుగా లేదు. నూలు గౌను రంగులో ఉంది.

పెద్ద రాయి మీద కూర్చుని ఉంది. నీళ్ళు అప్పటికే ఆవిడ పాదాల దాకా వచ్చాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పడవ వచ్చే వైపు చూస్తూ ఉంది. ఏడవలేదు, చెయ్యి ఊపలేదు. పొడుగాడు దూకి వెళ్ళి చెయ్యి అందించి, ఆవిడని భుజం మీదికెత్తుకుని తీసుకొచ్చాడు. నిచ్చెన ఎక్కుతూ ఆవిడ అన్న మొదటి మాట, "మీ భోజనాలు చెడగొట్టానేమో బాబూ."

ఒక పొడి తువ్వాలు తీసి భుజాల చుట్టూ కప్పి, సీట్లో కూర్చోబెట్టాను. సంచి కింద పెట్టి పక్కన నేను కూర్చున్నాను. పొద్దుట్నుంచీ ఖాళీగా ఉన్న ఆ సీట్లో అప్పటికి కూర్చున్నాను.

ఆవిడ అడిగింది. "ఎంతసేపటికి చూశావు వదినా?"

"వెంటనే. లంగరు తీసిన కాసేపటికే. తిరిగి రావడానికి టైము పట్టింది, అంతే."

ఆవిడ మెడ దగ్గర గౌను పట్టీని వేళ్ళతో తడిమింది. తర్వాత భుజం. తర్వాత చంక కింద కుట్టు.

"పట్టీ ఆరింది. భుజాలు ఆరాయి. కుట్టులో కాస్త చెమ్మ ఉంది. పాత నూలు, ఈ ఎండ, ఈ గాలి. ముప్పావు గంట పైనే అయింది వదినా. నాకు చెప్తావా?"

ఇక అబద్ధం ఆడటానికి నాకు నోరు లేదు. నా నోటికి అలాంటి రోజులు తక్కువ.

"నేను చూడలేదు. కంచం మిగిలింది. మిగిలితే అలిగావనుకుని పావుగంట మూకుడు తోమాను."

"పోనీలే. కంచమైనా చూసింది."

"అరవలేకపోయావా? రాళ్ళ దగ్గర గొంతు బాగా మోగుతుంది, వినపడేది."

"ఏమని అరవను? ఆ పడవలో పేరు పెట్టి పిలవడానికి నాకెవరున్నారు? ఓ పడవా అని పిలవలేను కదా. నిన్నే పిలుద్దామనుకున్నాను. చేతులు ఖాళీ లేవన్నావుగా."

అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది, నేనూ రెండు మాటలు అనేదాన్ని. ఆవిడ ఉన్నమాట చెప్పింది, అంతే.

మూడో చోటికి వెళ్ళాం. అరగంట మాత్రమే ఆపాడు సరంగు. ఈసారి నిచ్చెన పక్కన నిలబడి దిగే ప్రతి తలనీ వేలు పెట్టి లెక్కపెట్టాడు. నేను పొయ్యి ఆపేశాను. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని వెళ్ళి ఆవిడ ముందు చెయ్యి చాపాను.

"పద వదినా. ఇప్పుడు ఖాళీ. లోతైతే ఏం, ఇద్దరం ఉన్నాం."

ఆవిడ నా చెయ్యి చూసింది, పట్టుకోలేదు. "వద్దులే. అయిపోయింది. మెడ దాకా దిగాను కదా."

"ఎలా ఉంది?"

"బాగానే ఉంది. పక్కన ఎవరైనా ఉంటే, చూశావా, దిగాను అని చెప్పేదాన్ని. అప్పుడు ఇంకా బాగుండేదేమో."

జనం నీళ్ళలో కేకలు వేసుకుంటున్నారు, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నారు. మేమిద్దరం కిటికీ దగ్గర కూర్చుని చూశాం. కింద ఇసుక ఏ రంగో కూడా ఆవిడ చూడలేదు.

సాయంత్రం రేవులో లాండ్రీ నుంచి కొత్త పిల్ల వచ్చింది. మడతల వదిన స్థానంలో చేరిన పిల్ల, వారం కూడా కాలేదు. గంపలు దించి గబగబా లెక్కపెట్టింది.

"డెబ్బై ఒకటి. ఒకటి తక్కువుంది."

పొడుగాడు సీట్ల కింద వంగాడు. సరంగు కప్పు మీద చూశాడు. గడియారం ఆయన కూడా తన సంచి విప్పి చూపించాడు. రెండు నిమిషాలు కాకుండానే పడవంతా వెతుకుతోంది.

మడతల వదిన రేవు మెట్ల మీద ఆగింది. భుజాల మీది తువ్వాలు తీసింది. సగానికి, మళ్ళీ సగానికి, మూడు పొరలుగా మడిచి, ఆ పిల్ల గంపలో అన్నిటికంటే పైన పెట్టింది.

"ఇది నా దగ్గరుంది అమ్మా. ఇప్పుడు సరిపోయింది, రాసుకో."

సంచి తీసుకుని లాండ్రీ వెనక సందులోకి నడిచింది. నేను వెంట వెళ్ళాలి. కాని పడవలో ఇరవై మూడు కంచాలున్నాయి, మూకుడుంది. కడిగేసి వెళదామనుకున్నాను. కడగడం అయ్యేసరికి ఆవిడ గదిలో దీపం ఆరిపోయింది.

ఆ తర్వాత రెండేళ్ళు బతికింది. ఆదివారాలు వెళ్ళేదాన్ని. ఎప్పుడు పడవెక్కుదామన్నా, "ఈసారి చూద్దాంలే వదినా" అనేది. మా పడవలో ఇప్పుడు తువ్వాళ్ళ లెక్క లేదు. ప్రతి చోటా, పొయ్యి మీద ఏమున్నా సరే, మంట ఆపి నేను బయటికొచ్చి తలలు లెక్కపెడతాను. మేకల్ని లెక్కపెట్టినట్టు లెక్కపెడుతుందని జనం విసుక్కుంటారు. ఒంటరిగా వచ్చిన వాళ్ళని రెండుసార్లు లెక్కపెడతాను.